సవరణ: చేదు నాలుక వెనుకనే ఉండదు

పర్లాకిమిడిలోని మా ఇంటి భోజనాల గురించి మొన్న రాసినదానిలో రెండు పొరపాట్లు దొర్లాయి. క్యాబేజీ కూర చేదుగా ఉందని మా వదిన పక్కన పెడితే, అది ఒట్టి వంక అన్నాను. పైగా చేదు నాలుక వెనుక భాగానికే, తీపి కొసకే తెలుస్తాయని చిన్నప్పుడు చూసిన బొమ్మను నమ్మి రాశాను.

ఆ బొమ్మ తప్పు. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. 1901లో ఒక జర్మన్ పరిశోధకుడు గమనించిన స్వల్ప తేడాలే తరువాత పటంగా బిగుసుకుపోయాయి.

ఇక వదిన సంగతి. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదని మొత్తుకున్నాడు, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడాకు ముఖ్య కారణం టీఏఎస్2ఆర్38 అనే జన్యువని 2003లో తేలింది. క్యాబేజీలోనూ, ఆవ ఆకుల్లోనూ అదే తరహా పదార్థాలుంటాయి. కాబట్టి నాకు కమ్మగా ఉన్న కూర ఆవిడకు నిజంగానే చేదు కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. అలవాటు, వాసన, వయసు కూడా రుచిని మారుస్తాయి. ఏదేమైనా వంక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒడియా పొరుగువారు పంపే బెసర, అంటే ఆవముద్ద వేసిన కూర, ఘాటు మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది మంటను పసిగట్టే నరాల పని. ఆ కూర వదిన రెండోసారి వడ్డించుకుంటారు, నీళ్లచెంబు వెతుక్కునేది నేనే.