యాస "ముద్దుగా ఉంది" అనేవాళ్లకి

ఆఫీసులో నా పక్క సీటు అతనిది హిరోసాకి. జపాన్ ప్రధాన ద్వీపానికి ఉత్తరం కొసన, అవోమోరిలో ఉంటుంది. ఆ ప్రాంతాన్ని త్సుగరు అంటారు. ఇంటినుంచి ఫోన్ వస్తే చాలు, లేచి కారిడార్ చివరికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. శ్రీకాకుళం నుంచి వెళ్లి విజయవాడ హాస్టల్లో "ఎల్పోనాడు" అన్నందుకు నవ్వించుకున్నవాణ్ణి, నాకు వేరే చెప్పాలా?

పోయిన ఆగస్టులో నెపుత పండగకి వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల చెల్లెలికి పదహారేళ్లు. నాతో చక్కటి టోక్యో జపనీస్ మాట్లాడుతూనే నానమ్మ వైపు తిరగగానే త్సుగరులోకి మారిపోతుంది. నానమ్మ ఇవాకి కొండ దగ్గర పండిన మొక్కజొన్న పొత్తు జరిపి "కె" అంది. పిల్ల "కు" అంది, కొరికి "మే" అంది. తిను, తింటా, బాగుంది. అంతే! చలికి నోరు తెరవలేక అక్కడ మాటలు పొట్టివైపోయాయని బయటివాళ్లు కథ చెప్తారు, ఆ కథంటే ఈ అమ్మాయికి ఒళ్లు మంట. "మాకు ఒకరి మాట ఒకరికి సగంలోనే అర్థమైపోతుంది, అందుకే పొట్టివి" అంది.

రాత్రి ఊరేగింపు. విసనకర్ర ఆకారంలో పెద్ద పెద్ద దీపాల బళ్లు, ముందువైపు యుద్ధవీరులు, వెనకవైపు దిగులుగా చూసే ఆడమనిషి బొమ్మ, "యాయదో" అని అరుస్తూ తాళ్లు లాగే జనం. పిల్లనగ్రోవి మొదలవగానే ఆ అమ్మాయి చొక్కా చెయ్యి పైకి లాగి నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చూపించి "జవమెగు" అంది. పండగ వాయిద్యం చెవిన పడగానే ఒంట్లో రక్తం పరుగెత్తినట్టుంటుందే, దానికి వాళ్లకి ఒక్క మాట ఉంది. టోక్యో భాషలో అది చెప్పాలంటే ఇదిగో ఇలా వాక్యం కట్టాలి!

ఇలాంటి మాటల్నే ఆ దేశం మాన్పించాలని చూసింది. 1904లో బళ్లకి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వచ్చాయి, టోక్యోలో చదువుకున్నవాళ్ల మాట దేశమంతటి మాట అయింది. ఒకినావాలోనైతే ఇంటి భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్క పలక వేలాడదీసేవారు. చిన్నపిల్లల మెడలో! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పని కోసం రైళ్లలో టోక్యోలోని ఉయెనో స్టేషన్లో దిగిన తోహోకు (త్సుగరు ఉన్న ఈశాన్య ప్రాంతం) కుర్రాళ్లు నోరు విప్పడానికే భయపడ్డారు. ఆంక్షలు వాళ్లకి కొత్త కాదు. అంతకుముందెప్పుడో త్సుగరు రైతులు నూలుబట్ట కట్టకూడదని సంస్థానం ఆంక్ష పెడితే, ఆడవాళ్లు నారబట్ట మీద పోగులు ఒకటి, మూడు, ఐదు అని బేసి లెక్కన ఎంచుకుంటూ తెల్లదారంతో కుట్టి చలికి అడ్డం పెట్టారు. కోగిన్ అంటారు ఆ కుట్టుని. ఈ అమ్మాయి పెన్నుల సంచి అదే, తనే కుట్టుకుంది.

ఇప్పుడు ఎవరూ పలకలు కట్టరు, "ఎంత ముద్దుగా ఉందో, ఇంకోసారి అను" అంటారు. నాకు ఇదీ అవమానమే. ఆడపిల్ల నోట యాస వింటే బొమ్మని చూసినట్టు మురిసిపోయేవాళ్లు ఇంటర్వ్యూ గదిలో ఆ యాసని భరించరు. ఆమె అడిగేది మెచ్చుకోలు కాదు, తన భాషలో మామూలుగా బతకనివ్వమని.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నేను ఇదే ఎత్తితే, ఆమె నాకు జవాబు చెప్పకుండా అన్న వైపు తిరిగింది.

"నువ్వు మాట్లాడితే కూడా ముద్దుగా ఉందన్నారా?"

అతను మొక్కజొన్న ఒలుస్తూ తలెత్తలేదు. "లేదు, నవ్వారు" అన్నాడు, త్సుగరులో.