పికే మూడు కిరీటాలు ఏమైనట్టు?

ఫార్ములా వన్‌లో నెల్సన్ పికే మూడుసార్లు ప్రపంచ విజేత. 1981, 1983, 1987. బ్రాభమ్, స్టూవర్ట్, లౌడా, సెన్నాల సరసన కూర్చోబెట్టాల్సిన పేరు. ఇప్పుడు ఒకే ఒక్క నిబంధన మారుద్దాం. ప్రతి రేసులో వచ్చిన స్థానాన్ని బట్టి ఇచ్చే పాయింట్ల గొడవ వదిలేసి, ఆ ఏడాది ఎవరు ఎక్కువ రేసులు గెలిస్తే టైటిల్ వాళ్లదే అందాం. సమానమైతే ఎవరికి ఎక్కువ రెండో స్థానాలున్నాయో, అక్కడా తేలకపోతే మూడో స్థానాలు ఎవరికెక్కువో చూద్దాం. ఒలింపిక్ పతకాల పట్టిక చూసే పద్ధతే. ఈ లెక్కలో పికేకు మిగిలే టైటిళ్లు ఎన్ని? సున్నా.

ఒక ఆదివారం మధ్యాహ్నం రూళ్ల నోటుబుక్కులో సంవత్సరాలు ఒక వైపు, గెలుపులు ఒక వైపు రాసుకుంటూ ఈ సున్నా దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఎక్కడో కూడిక తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి చూశాను. తప్పలేదు. 1981లో పికే, అలాన్ ప్రోస్ట్ చెరి మూడు రేసులు గెలిచారు. రెండో స్థానాలు ప్రోస్ట్‌కు రెండు, పికేకు ఒకటి. 1983లో ప్రోస్ట్‌వి నాలుగు, పికేవి మూడు. 1987లో నైజెల్ మాన్సెల్ ఆరు గెలిస్తే పికే గెలిచినవి అందులో సగం. మూడేళ్లూ పాయింట్ల పట్టికలో పై వరస అతనిది, గెలుపుల పట్టికలో మరొకరిది.

అత్తకు మీసాలుంటే మామ అయ్యేదని దీన్ని నవ్వి వదిలేయవచ్చు. కానీ ఈ మీసాలు ఒకసారి నిజంగానే మొలవబోయాయి. ఫార్ములా వన్ వ్యాపారాన్ని దశాబ్దాలపాటు గుప్పిట్లో పెట్టుకున్న బెర్నీ ఎకిల్‌స్టోన్ 2008 చివర్లో పాయింట్లకు బదులు పతకాలు ఇద్దామన్నాడు. ఎక్కువ బంగారు పతకాలున్నవాడే విజేత. రెండో స్థానంతో సరిపెట్టుకునే డ్రైవర్లు అప్పుడు ముందు కారును దాటడానికి తెగిస్తారని అతని వాదన. పతకాలు రాలేదు కానీ, 2009 మార్చి 17న ఈ క్రీడను నడిపే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ ప్రపంచ మండలి ‘ఎక్కువ గెలుపులకే టైటిల్’ అన్న నిబంధనను ఆమోదించింది. తొలి రేసుకు రెండు వారాల వ్యవధి కూడా లేదు. జట్లు ఒక్కటై ఎదురుతిరగడంతో మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత దాని ఊసే లేదు.

అప్పటివరకు జరిగిన సీజన్లకు ఈ నిబంధన పెడితే 13 టైటిళ్లు చేతులు మారతాయి. 1958, 1964, 1967, 1977, 1979, 1981, 1982, 1983, 1984, 1986, 1987, 1989, 2008. ఈ వరసను కాసేపు చూడండి. 1981 నుంచి 1989 దాకా తొమ్మిదేళ్లలో ఏడు టైటిళ్లు మారిపోతున్నాయి. ఒక్క 1985, 1988 మాత్రమే నిలబడ్డాయి. ఆ దశాబ్దంలో టర్బో ఇంజన్లు పేలేవి, గేర్‌బాక్సులు విరిగేవి, చివరి ల్యాపుల్లో పెట్రోలు అయిపోయి కార్లు ఆగిపోయేవి. వేగంగా వెళ్లేవాడు ఒకడు, గమ్యం చేరేవాడు మరొకడు. పాయింట్లు చేరేవాడిని చూశాయి.

అయితే ఈ లెక్కలో నేను ఊహించనిది ప్రోస్ట్ సంగతి. ఆయన మారుపేరే ‘ప్రొఫెసర్’. అవసరమైనంత వేగమే, అవసరమైనన్ని పాయింట్లే, టైర్ల మీద, బ్రేకుల మీద పొదుపు. తెగించినవాడికే టైటిల్ అంటే ముందు మునిగేది ఇలాంటివాడే అనుకుంటాం. జరిగేది వేరు. ప్రోస్ట్‌కు ఉన్నవి నాలుగు టైటిళ్లు. గెలుపుల లెక్కలో 1986, 1989 పోతాయి, 1981, 1983, 1984 వచ్చి చేరతాయి. మొత్తం ఐదు. లెక్కల మనిషి లెక్కల వల్లే నష్టపోయాడన్నమాట. 1984 అయితే మరీ అన్యాయం. ఏడు రేసులు గెలిచి, ఐదు గెలిచిన సహచరుడు నికీ లౌడా చేతిలో అర పాయింటు తేడాతో ఓడిపోయాడు. 72, 71.5. ఆ అర పాయింటు మొనాకో వానలోంచి వచ్చింది. అక్కడ ప్రోస్ట్ ముందున్నాడు, వెనక నుంచి టోల్‌మన్ కారులో ఐర్టన్ సెన్నా అనే కొత్త కుర్రాడు ల్యాపుకు కొన్ని సెకన్ల చొప్పున దగ్గరవుతున్నాడు. రేసు ఆపేయమని ప్రోస్ట్ చేయి ఊపాడు. ఆపేశారు. నాలుగింట మూడు వంతుల దూరం పూర్తి కానందున గెలుపునకు తొమ్మిదికి బదులు నాలుగున్నర పాయింట్లే వచ్చాయి. రేసు సాగి సెన్నా చేతిలో ఓడి రెండో స్థానంలో వచ్చినా ఆరు వచ్చేవి, టైటిల్ కూడా వచ్చేది!

ఇంతవరకు చేసింది కూడికలే. ఒక చిక్కు దాటేశాను. నిబంధన మారితే డ్రైవర్ కూడా మారతాడు. పరీక్షకు ముందు ఇంటర్ పిల్లలు వెయిటేజీ చూసుకుని ఏ పాఠం చదవాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటారు. వెయిటేజీ మారిస్తే పాత జవాబు పత్రాలే మళ్లీ దిద్ది ర్యాంకులు ఇవ్వడం కుదరదు, ఆ పిల్లవాడు వేరే పాఠం చదివి ఉండేవాడు. పికే తన కాలం నాటి వెయిటేజీని చక్కగా చదువుకున్న విద్యార్థి. 1987లో గెలుపులు మూడే కానీ, రెండో స్థానాలు ఏడు. గెలుపులకే విలువ ఉందని తెలిస్తే ఆ ఏడు రేసుల్లోనూ అతను అలాగే వెనక కూర్చునేవాడా? నాకు నమ్మకం లేదు.

దీనికి 1989 సుజుకా కంటే మంచి ఉదాహరణ దొరకదు. జపాన్ రేసుకు వచ్చేసరికి ప్రోస్ట్‌కు 76 పాయింట్లు, మెక్‌లారెన్‌లోనే జట్టు సహచరుడైన సెన్నాకు 60. మిగిలినవి రెండు రేసులు, గెలుపునకు తొమ్మిది పాయింట్లు. సెన్నా రెండూ గెలిచి తీరాలి. ఇద్దరూ ఆగిపోతే ప్రోస్ట్ విజేత. అక్టోబర్ 22న షికేన్ మలుపులో, అంటే వేగం తగ్గించడానికి పెట్టిన మెలికలో, సెన్నా లోపలి వైపు నుంచి దూరాడు, ప్రోస్ట్ దారివ్వకుండా తలుపు మూశాడు. రెండు కార్లూ ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోయాయి. ప్రోస్ట్ దిగి వెళ్లిపోయాడు. సెన్నా మార్షళ్ల (ట్రాక్ సిబ్బంది) చేత తోయించుకుని, షికేన్ పక్కనున్న దారిలోంచి ట్రాక్ మీదికి వచ్చి, కారు ముక్కు మార్పించుకుని, రేసు గెలిచాడు. ఆ తర్వాత అనర్హుడయ్యాడు.

ఇప్పుడు అదే ఉదయాన్ని గెలుపుల లెక్కతో చూడండి. సెన్నాకు ఆరు, ప్రోస్ట్‌కు నాలుగు. రెండూ గెలవాల్సినవాడు ప్రోస్ట్. రెండూ గెలిస్తే ఆరు ఆరు అవుతాయి, రెండో స్థానాలు ఎక్కువున్నందున టైటిల్ అతనిదవుతుంది. ఇద్దరూ గుద్దుకుని ఆగిపోతే సెన్నా విజేత. అంటే అవే రెండు కార్లు, అదే మలుపు, కానీ తలుపు మూసే ధైర్యం ఇప్పుడు ప్రోస్ట్‌కు ఉండకూడదు. దూరాల్సిన తొందర సెన్నాకు ఉండకూడదు. చివరి రేసు ఆడిలైడ్‌లో కుండపోత వాన కురిసింది. ఒక ల్యాపు తిరిగి, ఇది రేసు నడిపే వాతావరణం కాదని ప్రోస్ట్ కారు దిగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎక్కలేదు. ఆయన చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ టైటిల్ ఆ ఒక్క రేసు గెలుపు మీదే ఆధారపడి ఉంటే?

మాన్సెల్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక టైటిల్‌కు బదులు మూడు ఉండేవి. 1987 సుజుకా ప్రాక్టీసులో కారు గోడకు కొట్టి వెన్ను దెబ్బతిన్న రోజున, ఈ లెక్క ప్రకారం అతను అప్పటికే విజేత.

1982 అన్నిటికంటే విచిత్రం, విషాదం కూడా. 16 రేసులను 11 మంది గెలిచారు. ఒక్క రేసు గెలిచిన కేకే రోస్‌బర్గ్ ప్రపంచ విజేత. రెండేసి గెలిచినవాళ్లు ఐదుగురున్నారు. వాళ్లలో రెండో, మూడో స్థానాలు కూడా లెక్కేస్తే పైకి తేలేది ఫెరారీ డ్రైవర్ డిడియర్ పిరోనీ. ఆగస్టులో హాకెన్‌హైమ్ ప్రాక్టీసులో, వాన నీటి తెర వెనక ఉన్న ప్రోస్ట్ కారును గుద్ది రెండు కాళ్లూ నుజ్జయిన మనిషి. మళ్లీ ఫార్ములా వన్ రేసు నడపలేదు. ఆస్పత్రి మంచం మీద పడుకుని వారాల తరబడి, ఇంకెవరూ మూడో రేసు గెలవకూడదని ఎదురుచూస్తూ టైటిల్ అందుకునేవాడు.

2008 సంగతి వేరే రకం. బ్రెజిల్‌లో చివరి రేసు, చివరి ల్యాపు, చివరి మలుపుల్లో టిమో గ్లాక్‌ను దాటి లూయిస్ హామిల్టన్ ఐదో స్థానం అందుకున్నాడు. ఒక్క పాయింటు తేడాతో విజేత అయ్యాడు. రేసు గెలిచి అప్పటికే గీత దాటిన అతని టైటిల్ పోటీదారు ఫెలిపే మాసా కుటుంబం ఫెరారీ గరాజులో సంబరాలు చేసుకుంటోంది, కొన్ని సెకన్ల పాటు. గెలుపుల లెక్కలో ఇద్దరూ ఆ రేసుకు ఐదేసి విజయాలతో వచ్చారు. మాసా గెలిచాడు, ఆరు, అయిపోయింది. గ్లాక్ ఎవరో మనకు తెలిసేది కాదు. నా మటుకు ఆ చివరి మలుపులు లేని ఫార్ములా వన్ నాకొద్దు. ఆ క్షణాన్ని పుట్టించింది ఐదో స్థానానికి కూడా విలువ కట్టిన పాయింట్ల పట్టికే. ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. ఆ ఏడాది టైటిల్ విషయమై మాసా 2024లో లండన్ కోర్టుకెక్కాడు. ప్రతివాదుల్లో ఒకరు ఎకిల్‌స్టోన్. ఆయన చెప్పిన పతకాల లెక్కే ఉండి ఉంటే మాసాకు కోర్టు అవసరమే ఉండేది కాదు.

గెలుపుల లెక్క సీజన్‌ను చప్పగా చేసేస్తుందన్న మాటలో నిజముంది. 2004లో షూమాకర్ బ్రిటన్ రేసు అయ్యేసరికి పదకొండింట పది గెలిచాడు. మిగిలినవి ఏడే. జులైలోనే దుకాణం కట్టేయవచ్చు. పాయింట్ల లెక్కలో కనీసం ఆగస్టు చివర, బెల్జియం దాకా సాగింది. అయితే దీనికి పూర్తి విరుద్ధమైన సీజన్ మొన్ననే చూశాం. 2025లో చివరి రేసు అబుదాబీకి వచ్చేసరికి వెర్‌స్టాపెన్, నోరిస్, పియాస్ట్రీ ముగ్గురికీ సరిగ్గా ఏడేసి గెలుపులు. ఆ రేసు ముగ్గురిలో ఎవరు గెలిస్తే వాళ్లదే టైటిల్! సినిమావాళ్లు కూడా రాయడానికి సందేహించే ముగింపు. మన పాయింట్ల ప్రపంచంలో జరిగింది మరొకటి. వెర్‌స్టాపెన్ గెలిచాడు, మూడో స్థానం చాలన్న లెక్కతో నడిపిన నోరిస్ మూడో స్థానంలోనే వచ్చి 423, 421 తేడాతో విజేత అయ్యాడు. తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ రోజు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎకిల్‌స్టోన్ గుర్తొచ్చాడు.

అసలు నిబంధనలేమీ తక్కువ వింతవి కావు. చాలా ఏళ్లు, అన్ని రేసుల పాయింట్లూ లెక్కించేవాళ్లు కాదు, మెరుగైన కొన్నిటినే తీసుకునేవాళ్లు. 1988లో ప్రోస్ట్ మొత్తం 105 పాయింట్లు తెచ్చుకున్నాడు, సెన్నా 94. లెక్కకు వచ్చినవి 87, 90. సెన్నా విజేత. 1964లో గ్రాహమ్ హిల్ అందరికంటే ఎక్కువగా 41 తెచ్చుకుని, రెండు కోల్పోయి, 40 పాయింట్ల జాన్ సర్టీస్ వెనక నిలిచాడు. ఆ ఏడాది గెలుపుల్లో ఇద్దరి కంటే ముందున్నది జిమ్ క్లార్క్. ఒకే సీజన్, మూడు పద్ధతులు, ముగ్గురు విజేతలు.

ఈ నోటుబుక్కులో నేను ఎక్కువసేపు ఆగిన పుట 1958. స్టిర్లింగ్ మాస్ నాలుగు గెలిచాడు, టోనీ బ్రూక్స్ మూడు, మైక్ హాథార్న్ ఒక్కటి. విజేత హాథార్న్, 42 పాయింట్లతో. మాస్‌కు 41. పోర్చుగల్ రేసు పోర్టో వీధుల్లో జరిగింది. మాస్ గెలిచాడు, హాథార్న్ రెండో స్థానం. అయితే చివర్లో ఆగిపోయిన కారును స్టార్ట్ చేయడానికి హాథార్న్ దాన్ని రేసు దిశకు ఎదురుగా తోశాడని అధికారులు అతణ్ని అనర్హుడిగా ప్రకటించబోయారు. మాస్ వెళ్లి, కారును తోసింది ట్రాక్ మీద కాదని, కాలిబాట మీదని సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ స్థానం నిలిచింది. రెండో స్థానానికి ఆరు, వేగవంతమైన ల్యాపుకు ఒకటి, మొత్తం ఏడు పాయింట్లు. అవి లేకపోతే మాస్ ప్రపంచ విజేత. జీవితంలో ఆ టైటిల్ ఆయనకు ఎన్నడూ రాలేదు.

గెలుపుల లెక్కలో హాథార్న్ రెండో స్థానంతో మాస్‌కు పోయేదేమీ లేదు. ఆ సాక్ష్యానికి నయాపైసా ఖర్చయ్యేది కాదు. పోర్టోలోనే హాథార్న్ రికార్డు ల్యాపు చేసినప్పుడు పిట్ సిబ్బంది మాస్‌కు ‘హాథ్ రెక్’ అని పలక చూపించారు. ‘రికార్డు’ అన్నదానికి కుదింపు. వేగంగా దాటిపోతూ మాస్ దాన్ని ‘రెగ్’ అని చదువుకున్నాడు, హాథార్న్ మామూలుగానే నడుపుతున్నాడనుకున్నాడు, ఆ ఒక్క పాయింటు కోసం వేగం పెంచలేదు. టైటిల్ పోయింది ఒక్క పాయింటుతోనే. గెలుపుల లెక్క ఉంటే ఆ పలక రాసే పనే ఉండేది కాదు.