గ్యారేజీలో విమానం, అమీర్‌పేటలో ప్రాజెక్టు

నేను చెయ్యి వేసిన మొదటి రివెట్ పనికిరాకుండా పోయింది.

డల్లాస్ శివార్లలో మా బావమరిది ఇల్లు. కార్లు రెండూ బయట ఎండలో మాడుతుంటే గ్యారేజీలో వాటి చోట వాడు సొంతంగా కట్టుకుంటున్న విమానం తోక ఉంది. దాని రేకులను ఒకదానికొకటి కలిపి పట్టే చిన్న మేకులే రివెట్లు. గాలితో నడిచే రివెట్ గన్ పట్టుకుని అటు వాడు, అరచేతిలో ఇమిడే టంగ్‌స్టన్ దిమ్మ పట్టుకుని ఇటు నేను. వాడు ట్రిగ్గర్ నొక్కినంతసేపూ దిమ్మను రివెట్ కాడకు తిన్నగా ఆనించి ఉంచాలి, అంతే నా పని. రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ కాస్తలోనే నా చెయ్యి వాలింది. నిలువుగా అణగాల్సిన కాడ పక్కకు ఒరిగి నలిగింది.

వాడు ఇటు వచ్చి గేజ్ పెట్టి చూశాడు. వెనకవైపు ఏర్పడే తల, కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలట. "ఇది తీసెయ్యాలి బావా" అన్నాడు. "లోపలే కదరా ఉండేది, ఎవడికి కనపడుతుంది?" అన్నాను. వాడు బదులు చెప్పకుండా డ్రిల్లు అందుకున్నాడు. తల తొలిచి, కాడ ఊడదీసి, రంధ్రం పాడవలేదని చూసుకుని, కొత్తది వేసేసరికి పావుగంట పట్టింది. అలాంటివి ఆ విమానంలో పది వేలకు పైనే ఉంటాయి.

ఎవడికి కనపడుతుంది అన్న మాట నా నోట అంత సులువుగా ఎందుకొచ్చిందా అని తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఆలోచించాను. అది నా ఒక్కడి మాట కాదు, నేను చదివిన చదువు నేర్పిన మాట.

ముందు విమానం సంగతి. అమెరికాలో ఇంట్లో విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న పని. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇలాంటివాటిని 'ఎక్స్‌పెరిమెంటల్, అమెచ్యూర్ బిల్ట్' కింద నమోదు చేస్తుంది. అసలు షరతు ఒక్కటే. విమానం పనిలో సగానికి పైగా భాగం సొంత విద్య కోసమో, వినోదం కోసమో పూనుకున్నవాళ్లే చేసి ఉండాలి. వాడుకలో దీన్ని 51 శాతం రూల్ అంటారు. ఇంజిన్ కొనుక్కోవచ్చు, ప్రొపెల్లర్ కొనుక్కోవచ్చు, మీటర్లూ తెరలూ కొనుక్కోవచ్చు. స్నేహితులు, బంధువులు వచ్చి ఉచితంగా చెయ్యి వేయొచ్చు. డబ్బు పడేసి మొత్తం ఎవరి చేతో కట్టించుకుని దర్జాగా ఎక్కి కూర్చుంటానంటే మాత్రం ఈ వర్గంలో చోటు లేదు.

ఈ రూల్ నాకు పిచ్చిగా నచ్చింది. డబ్బున్నవాడికి దేన్నైనా కొనుక్కోనిచ్చే దేశం అది. అక్కడి చట్టం ఈ ఒక్కచోట మాత్రం నువ్వే చేశావా అని అడుగుతోంది. చేశానని నోటితో చెబితే చాలదు. మా వాడు ప్రతి సాయంత్రం పని అయ్యాక ఫొటోలు తీసి, ఏ రేకుకు ఏం చేశాడో, ఎన్ని గంటలు పట్టిందో లాగ్‌లో రాస్తాడు. నా పాడైన రివెట్ కూడా అందులోకి ఎక్కింది, తేదీతో సహా. కట్టడం అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ లాగ్ తిరగేస్తాడు. ఆ తర్వాత కూడా సాధారణంగా 40 గంటలు, ధ్రువీకరించిన ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ అయితే 25 గంటలు, గీసిచ్చిన హద్దుల్లోనే పరీక్షగా నడపాలి. ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. తర్వాత ఎప్పుడు ఎవరిని ఎక్కించుకున్నా, ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడి తయారైంది కాదన్న హెచ్చరిక వాళ్లకు కనపడేలా లోపల అతికించి ఉండాలి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది రిపేర్‌మన్ సర్టిఫికెట్. విమానాన్ని ఏడాదికోసారి చేయాల్సిన తనిఖీ తనే చేసుకునే హక్కు కట్టినవాడికి దీంతో వస్తుంది. రేపు ఆ విమానాన్ని ఇంకొకరికి అమ్మేస్తే కొన్నవాడికి ఆ హక్కు విమానంతో పాటు రాదు. విమానం చేతులు మారుతుంది, సర్టిఫికెట్ మారదు. అది కొనుక్కున్న వస్తువుకు కాక, చేసిన మనిషికి ఇచ్చిన పట్టా. నా బీటెక్ పట్టాను దీని పక్కన పెట్టి చూసుకుంటే కొంచెం సిగ్గేసింది.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. 1953లో పాల్ పోబెరెజ్నీ విస్కాన్సిన్‌లో కొందరు ఔత్సాహికులతో పెట్టిన ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) సంఘం ఇవాళ ఏటా జులైలో అదే రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో తిరునాళ్ల లాంటి సంబరం చేస్తోంది. ఆ వారం అక్కడి కంట్రోల్ టవర్ ప్రపంచంలోనే అత్యంత రద్దీ టవర్. ఓరెగన్‌కు చెందిన వ్యాన్స్ కంపెనీ అమ్మే ఆర్‌వీ కిట్లతో, అంటే విడిభాగాల సెట్లతో, జనం కట్టుకుని ఎగరేసినవే 11 వేలకు పైగా ఉన్నాయి. మా వాడిదీ ఆర్‌వీ-7, రెండు సీట్లది. ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది, కాలం నాలుగైదేళ్ల సాయంత్రాలు. చెల్లెమ్మ ఓపిక ఖరీదు ఎక్కడా రాయలేదు. గ్యారేజీ అరల్లో ఆవకాయ జాడీ, ప్రైమర్ డబ్బా పక్కపక్కనే ఉన్నాయి.

ఇది ప్రమాదం కాదా అని అడిగేవాళ్లున్నారు. కచ్చితంగా ప్రమాదమే. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం చిన్న విమానాల్లో ఇలాంటివి దాదాపు 10 శాతమే అయినా 2011లో ప్రమాదాల్లో వాటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. లెక్కను దాచిపెట్టనక్కర్లేదు. అదే అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది. ఆ ఏడాది ప్రమాదానికి గురైనవాటిలో సగానికి పైగా, కట్టినవాడి దగ్గర నుంచి ఇంకొకరు కొనుక్కున్నవి. 1997లో గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతూ సముద్రంలో కూలిన లాంగ్-ఈజీ అనే చిన్న విమానం కూడా అలా కొన్నదే. దాన్ని కట్టినవాడు ఇంధనం ట్యాంకు మార్చే పిడిని ప్లాన్‌లో చూపిన చోట కాకుండా పైలట్ భుజం వెనక్కి పెట్టాడు. కొనుక్కున్నవాడు గాల్లో దాన్ని తిప్పబోయి విమానంపై అదుపు కోల్పోయాడని దర్యాప్తు తేల్చింది. చేసిన చేతికీ వాడిన చేతికీ మధ్య ఎడం పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతుందనే ఈ లెక్కల్లో నాకు కనపడుతోంది, ఇంట్లో కట్టొద్దని కాదు.

2023లో జరిగింది చూడండి. గిరాకీ తట్టుకోలేక వ్యాన్స్ కంపెనీ కొన్ని రేకుల రంధ్రాలను బయట లేజర్‌తో కోయించింది. రివెట్ తల రేకులో సమంగా కూర్చోవడానికి రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కుతారు, డింపుల్ అంటారు. అలా నొక్కినప్పుడు ఆ లేజర్ రంధ్రాల అంచుల్లో సన్నటి పగుళ్లు వస్తున్నాయి. గ్యారేజీల్లో ఒక్కో రంధ్రాన్నీ వేలితో తడిమి, లైటు పట్టి చూసుకునే ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు ఆ పగుళ్లను పట్టి కంపెనీని నిలదీశారు. వాటి దెబ్బ, పెరిగిన ఖర్చులు కలిసి ఆ డిసెంబర్‌లో కంపెనీ దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బయటపడింది. అలా చూడడం వాళ్లకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. రేపు ఎక్కబోయేది తనే, పక్క సీట్లో కూర్చునేది తన పిల్లే అని తెలిసిన మనిషి అలాగే చూస్తాడు.

మన దగ్గరికి వద్దాం. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ అనే పైలట్ తాము ఉండే బిల్డింగ్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. కిట్ కూడా కాదు, సొంత డిజైన్. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెడితే జనం ఎగబడి ఫొటోలు దిగారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది. పరీక్షగా ఎగరేయడానికి అనుమతి 2019లో. ఆ విమానం రిజిస్ట్రేషన్ వీటీ-ఎన్ఎండీ. ప్రధాని నరేంద్ర మోదీ, అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ పేర్ల అక్షరాలవి. అంతకాలం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు ఆ పేర్లు ఎందుకు పెట్టుకున్నాడో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. కేరళ నుంచి బ్రిటన్ వెళ్లిన ఓ ఇంజినీర్ మాత్రం లాక్‌డౌన్ రోజుల్లో నాలుగు సీట్ల కిట్ తెప్పించుకుని ఇంటి దగ్గరే కట్టుకుని, కుటుంబాన్ని ఎక్కించుకుని యూరప్ తిరిగొచ్చాడు. దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు.

ఇదంతా డబ్బున్నవాళ్ల ఆటబొమ్మ, దేశానికి ఒరిగేదేంటి అని తీసిపారేసేవాళ్ల కోసం ఒక ముచ్చట. లాంగ్-ఈజీ అన్నానే, అది బర్ట్ రూటాన్ అనే డిజైనర్ గ్యారేజీల్లో కట్టుకునేవాళ్ల కోసం గీసిన విమానం. నురుగు దిమ్మను వేడి తీగతో కోసి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, రెసిన్ పట్టించి చేస్తారు. బెంగళూరులోని మన నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఆ గ్యారేజీ డిజైన్ ఆధారంగానే ఒక చిన్న కంపోజిట్ విమానం చేసి 1987లో ఎగరేసింది. ఆ పని నేర్చిన చేతులతోనే 1993లో 'హంస' శిక్షణ విమానం ఎగిరింది. గ్యారేజీ పని ప్రభుత్వ ప్రయోగశాలకు పాఠం చెప్పింది. మన పాలసీ పత్రాల్లో గ్యారేజీ అన్న మాటే ఉండదు. ఇన్నొవేషన్, ఇంక్యుబేషన్, ఎకోసిస్టమ్ అని ఉంటాయి.

అసలు రోగం మన విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏ ఫైళ్లలో కూడా లేదు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో నాకు వర్క్‌షాప్ ల్యాబ్ ఉండేది. రెండు ఇనుప ముక్కలను ఫైల్‌తో రుద్ది, 'వీ' ఆకారంలో ఒకదాంట్లో ఒకటి సందు లేకుండా కూర్చోబెట్టాలి. మూడు గంటలు రుద్దితే చేతులు బొబ్బలెక్కుతాయి. నేను రుద్దలేదు. సీనియర్ల ముక్క ల్యాబ్ అటెండర్ దగ్గర దొరికింది, వంద రూపాయలకు. తుప్పు కాస్త గరుకు కాగితంతో తుడిచి చూపించాను. పదికి తొమ్మిది వేశారు. ఆ ముక్క నా తర్వాత ఎంతమంది చేతులు మారిందో ఆ అటెండర్‌కే తెలియాలి. ఫైనలియర్‌లో ప్రాజెక్టు కోసం అమీర్‌పేట వెళ్లాం. నలుగురం డబ్బులు పోగేసుకుంటే రిపోర్టు, ప్రజెంటేషన్, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ బైండ్ చేసి ఇచ్చారు. 51 శాతం రూల్ గీటురాయి మీద మా ప్రాజెక్టు సున్నా. అయినా మేం ఇంజినీర్లం అయ్యాం, మంచి మార్కులతో.

మా బావమరిది గ్యారేజీలో ఉండగానే ఊరి నుంచి అత్తగారు వీడియో కాల్ చేశారు. వాడి చేతిలో గన్, బట్టల నిండా అల్యూమినియం పొట్టు. "లక్షలు పోసి ఇంజినీరింగ్ చదివిస్తే అంత దూరం వెళ్లి రేకులు కొట్టుకుంటున్నావేంట్రా" అన్నారావిడ. నవ్వాం. కానీ ఆవిడ అన్నది నవ్వేసి ఊరుకునే మాట కాదు. ఇనుము కొట్టేది ఒక కులం, చెక్క చెక్కేది ఒక కులం, ఏ పనీ ముట్టుకోకుండా చదివేది ఇంకో కులం అని పంచుకున్న సమాజం మనది. ఇంజినీరింగ్ కాలేజీ వచ్చి ఆ గోడను కూల్చాల్సింది పోయి దానికి సున్నం కొట్టింది. చదువుకున్నవాడు చెయ్యి మాపుకోకూడదు. చెయ్యి మాసినవాడికి చదువు రాదు. ఈ రెండు నమ్మకాల మధ్య మన బీటెక్ నాలుగేళ్లూ గడిచిపోతాయి.

చేతులు లేవా అంటే బోలెడు ఉన్నాయి. హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు (మొండెం భాగాలు), సీ-130జే విమానాల తోక భాగాలు మన కుర్రాళ్లు కడుతున్నారు. నేను పాడుచేసిన లాంటి పనిని వాళ్లు రోజూ గేజ్‌కు సరిపోయేలా చేస్తారు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లండి. ఉత్త చట్రంగా వచ్చిన లారీకి అక్కడి మేస్త్రి సుద్దముక్కతో నేల మీద గీసుకుని బాడీ కట్టి పంపిస్తాడు. రేకు ఎక్కడ వంచితే బలం వస్తుందో, ఎక్కడ వంచితే చిరుగుతుందో ఆయన వేళ్లకు తెలుసు. ఆయన కొడుకు మాత్రం ఏదో కాలేజీలో మెకానికల్ చదువుతూ వీ-ఫిట్ ముక్క కొనుక్కుంటూ ఉంటాడు.

అందుకే నేనడిగేది చిన్నది. తెలుగు రాష్ట్రాల్లో ఏరోనాటికల్, మెకానికల్ బ్రాంచీలున్న కాలేజీల్లో కనీసం ఒక్కటి, ఆర్భాటానికి కట్టే కొత్త బ్లాకు సొమ్ములో కొంత తీసి ఒక కిట్ కొనాలి. నాలుగు బ్యాచ్‌లు కలిసి నాలుగేళ్లు కట్టాలి. తోక ఒక బ్యాచ్, రెక్కలు ఒకటి. మార్కులు వైవాకు కాకుండా లాగ్‌కు వేయాలి. పాడుచేసి, ఒప్పుకుని, తీసి మళ్లీ వేసిన రివెట్‌కు ఇంకో మార్కు ఎక్కువ వేసినా నాకు అభ్యంతరం లేదు. అది ఎగరకపోయినా పర్లేదు, డీజీసీఏతో తర్వాత చూసుకుందాం. పని నేర్పడానికి ఆదిభట్ల నుంచి ఒకరిని, ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రిని పిలిచి ప్రొఫెసర్ జీతం ఇవ్వాలి. పీహెచ్‌డీ సంగతి అటుంచి, పదో తరగతి సర్టిఫికెట్ కూడా లేని ఆ మేస్త్రి పేరును ఫ్యాకల్టీ జాబితాలో ఏ గడిలో రాయాలి, ఇంజినీరింగ్ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఏఐసీటీఈ తనిఖీకి వస్తే ఏం చెప్పాలి అంటారా? ఆ టెన్షన్ ప్రిన్సిపాల్‌గారిది.