అగ్రిమెంట్ పోయినా కమీషన్ పోదు

అమెరికాలో ఇల్లు అమ్మకానికి పెట్టే మనవాళ్లలో కొందరి పథకం బహు ముచ్చటైనది. ఏజెంటు చేత ఫొటోలు తీయించాలి, ఓపెన్ హౌస్ పెట్టించాలి, కొనేవాడు దొరికాక, ఏజెంటుతో రాసుకున్న అగ్రిమెంట్ గడువు తీరేదాకా నోరు మెదపకూడదు. ఆ తర్వాత కొనేవాడితో కూర్చుని, మిగిలిన కమీషన్‌ను చెరిసగం చేసుకోవాలి. 6 లక్షల డాలర్ల ఇంటికి 3 శాతమంటే 18,000 డాలర్లు. ఒడుగు హైదరాబాద్‌లో ఘనంగా చేయొచ్చు.

ఏరు దాటాక తెప్ప తగలేసే ఈ విద్య మన సొంతమని మురిసిపోతాం గానీ, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నే లాయర్లు అక్కడ ముందే ఉన్నారు. టెక్సాస్‌లో బ్రోకర్లు వాడే అగ్రిమెంట్‌లో ‘ప్రొటెక్షన్ పీరియడ్’ అని ఒక పేరా ఉంటుంది. గడువు తీరాక ఇంకెన్ని రోజులన్నది అక్కడి ఖాళీలో నింపుతారు. గడువు తీరగానే బ్రోకరు, తన హయాంలో ఇల్లు చూసినవాళ్ల పేర్ల జాబితా పంపుతాడు. అందులోని మనిషి ఆ రోజుల్లోపు కొన్నాడా, కమీషన్ కట్టాల్సిందే. ఈశాన్యంలో బాత్‌రూమ్ ఏమిటండీ అని గంటసేపు నిలదీసి వెళ్లిన దంపతుల పేర్లు ఆ జాబితాలో తప్పక ఉంటాయి.

దీని నుంచి తప్పించుకునే దారీ ఆ పేరాలోనే ఉంది. ఇంటిని ఇంకో బ్రోకరుకు అప్పగిస్తే పాత బ్రోకరు హక్కు పోతుంది. అంటే కమీషన్ ఎగ్గొట్టడానికి మరొకరికి కమీషన్ ఇవ్వాలన్నమాట! ఇంత ధర్మబద్ధమైన ఏర్పాటు మన శాస్త్రాల్లోనూ ఉన్నట్టు లేదు.

బ్రోకర్లు మరీ ఇంత భయస్తులేమిటి అనకండి. రాతపూర్వకంగా సంతకం లేకపోతే టెక్సాస్‌లో కమీషన్ కోసం దావా వేసినా నిలవదు. ‘మనలో మనకు కాగితాలెందుకన్నా’ అన్న ఏజెంటు గతి అంతే.

2024లో రియల్టర్ల (ఇళ్ల ఏజెంట్ల) జాతీయ సంఘం, కమీషన్ల మీద ఇళ్లు అమ్మినవాళ్లు వేసిన దావాల్లో 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడగానే కమీషన్ల పీడ విరగడైందని కొందరు పండగ చేసుకున్నారు. ఆ ఆగస్టు 17 నుంచి జరిగిందేమిటంటే, ఏజెంటు వెంట ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందే కొనేవాడు కూడా ఆ ఏజెంటుతో అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి. సంతకం బాధ అమ్మేవాడొక్కడికే ఉండటం అన్యాయం కదా!

ఇక ‘ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్’, అంటే ఇల్లు ఎవరు అమ్మినా కమీషన్ ఆ బ్రోకరుదే అనే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినవాడు సొంత బావమరిదికి అమ్మినా కమీషన్ ఇవ్వాలి. కాబట్టి ప్రొటెక్షన్ పీరియడ్ ఖాళీలో 180 రోజులని ఉంటే 30 అని బేరమాడండి, బావమరిది పేరు మినహాయింపుల్లో రాయించండి. ఆయన కొనడని మీకూ తెలుసు, అయినా రాయించండి.