మహారాజశ్రీ ప్లాను గారికి

అమలాపురం దగ్గర పల్లె నుంచి మహారాజశ్రీ రిమోటు బొమ్మ విమానం ప్లాను గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, తోక తప్ప.

అసలు పైపర్ కబ్ అనే రెండు సీట్ల చిన్న విమానం రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి 35 అడుగుల 3 అంగుళాలు. తమరు దాన్ని నాలుగో వంతుకి దించి, ‘ఇంతేగా, కట్టేసుకో’ అన్నట్టు నా కంప్యూటర్లో కూర్చున్నారు. నాలుగో వంతంటే దగ్గర దగ్గర తొమ్మిదడుగులండి! తమర్ని అచ్చెయ్యగల నాథుడు ఫ్లెక్సీల షాపు కుర్రాడొక్కడే. వాడు తమర్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఫొటోలు ఎవరెవరివి పెట్టమంటారండి?” అన్నాడు. ఫొటోలేం ఉండవంటే, “మరి శుభాకాంక్షలు ఎవరికండి?” అన్నాడు.

ఇంటికొచ్చి టేపు పెడితే, తమరి మీద 10 అంగుళాలని రాసున్న గీత 9.7 తేలింది. రోలు వెడల్పుకి పట్టలేదని కుర్రాడు కాస్త నొక్కాడట. రెక్కల్లో మూడంగుళాలు గోవిందా. దెబ్బలాడదామని బండి తీశాను కూడా. అంతలో తమాషా తెలిసింది. తమరు అడిగింది పావంగుళం ప్లైవుడ్డు, అంటే 6.35 మిల్లీమీటర్లు. మా దగ్గర దొరికేది 6. గాడులన్నీ లొడలొడలాడాల్సింది, కుర్రాడి పుణ్యమా అని 6.16 అయి, చెక్క ఇట్టే బిగిసి కూర్చుంది. తమరి అంగుళానికి వాడి తప్పే మందయింది. బండి మళ్లీ లోపల పెట్టేశాను.

ఈక్వెడార్ నుంచి సముద్రాలు దాటొచ్చిన బాల్సా అనే తేలిక కర్రని మా వడ్రంగి మేస్త్రి అరచేతిలో ఎగరేసి చూశాడు. “ఇది కర్రాండీ, జీలుగు బెండాండీ? టేకు వేసేద్దాం, మీ మనవలు కూడా ఎగరేసుకుంటారు.” టేకేస్తే మనవలు దాన్ని ఉయ్యాల చేసుకోవాల్సిందే అని చెప్పలేకపోయాను, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు.

అన్నిటికన్నా తమరి ‘అవసరమైనంత’ అనే మాటకి దణ్ణం పెట్టాలండి. జిగురు ఎంత? అవసరమైనంత. ముక్కులో బరువు ఎంత? అవసరమైనంత. ఈ మాట ఇదివరకు మా చెల్లి పెళ్లిలో మగపెళ్లివారి నోట విన్నాను, “మీకు తోచినంత” అని. ఎంత పెట్టినా చాల్లేదు. కబ్‌కి ముక్కు పొట్టి, అందుకని తోక బరువెక్కి కూలబడుతుంది. సరిచెయ్యడానికి పాత విసురు వల విప్పి సీసపు గుళ్లు ఒక్కొక్కటే ముక్కులో కుక్కుతూ పోయాను. వల ఖాళీ అయింది, తోక ఇంకా కిందకే. అప్పుడే మా మేనత్త వచ్చి, నేను పెట్టిన డ్రైవరు బొమ్మని చూసి, “డ్రైవరు వెనకాల కూర్చున్నాడేంట్రా?” అంది. ఒక్కడే నడిపితే కబ్‌లో వెనక సీట్లోనే కూర్చుంటారత్తా అంటే వినదే! “ముందు ఖాళీగా ఉంటే శకునం బాగోదు” అని ఇత్తడి వినాయకుణ్ణి తెచ్చి కూర్చోబెట్టింది. విమానం బల్లమీద సమంగా నిలబడింది. తమరి ‘అవసరమైనంత’ ఆయనేనని తమరు ముందే చెప్పొచ్చు కదండీ?

దాళ్వా కోతలయ్యాక, సముద్రపు గాలి లేవకముందే, తెల్లారి ఆరింటికి చేలోకి బయల్దేరాం. రెక్కలు చెరోటీ ఇద్దరేసి పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే, వెనక పిల్లకాయలు జగ్గన్నతోట తీర్థంలో ప్రభ వెళుతున్నట్టు “అశ్శరభ శరభ” అని ఒకటే గోల. ఎగరడం బ్రహ్మాండంగా ఎగిరింది, అబద్ధం చెప్పకూడదు. దిగమంటేనే దిగదు! ఇంజను తగ్గించినా, నేలకి జానెడు ఎత్తులో అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తేలుకుంటూ పోయింది. చేను అయిపోయింది. గట్టూ అయిపోయింది. అవతల రొయ్యల చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టిన నైలాను తాళ్లు తోకని నున్నగా కోసిపెట్టాయి.

చెరువు రాజుగారు పరుగెత్తుకొచ్చారు. “పర్మిషనుందాండీ?” 2021 డ్రోన్ రూల్సులో 25 కిలోల లోపు సరదా విమానాలకి మోడల్ అని వేరే పేరే ఉందనీ, కంటిచూపు దాటి పోనివ్వకూడదనీ చెప్పాను. “దాటలేదుగా రాజుగారూ, మీ చెరువులోనే ఉంది.” ఆయనకి నవ్వు రాలేదు. “ఆయ్, రొయ్యలు బెదిరిపోయాయండి,” అన్నారు. వినాయకుణ్ణి మాత్రం తడి తుడిచి చేతికిచ్చారు.

ఇప్పుడు కొత్త తోకకి కొలతలు కావాలండి. ఫ్లెక్సీ గుడ్డ గట్టిదని తమర్ని మా ఆవిడ డాబా మీద పరిచేసింది. తోక ఉన్న మూల మీద గుమ్మడి వడియాలున్నాయి. ఇంకో రెండెండలు కావాలట.

ఇట్లు,
తమరి విధేయుడు