బాబాయ్ ఇవ్వనన్న మందులు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా బావమరిది ఒక బిల్లు ఫొటో పెట్టాడు. రేపల్లెలో మా అత్తయ్య నెల మందుల బిల్లు, 2,140 రూపాయలు. దాని కింద "ఫోన్లో మందుల ఆప్‌లో ఇవే మందులు 1,700. ఆ ముసలాయన ఇంకా ఎమ్మార్పీకే అమ్ముతున్నాడు, మీరంతా ఎగబడి కొంటున్నారు" అని రాశాడు. పదకొండు మంది బొటనవేళ్లు పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. శుభమా అని పెళ్లి కబుర్లు నడుస్తున్న గ్రూపులో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ రాస్తున్నా, చదివితే చదువుతాడు.

తెనాలి నుంచి వచ్చే రైలు మా ఊళ్లోనే ఆగిపోతుంది, పట్టాలు అంతటితో సరి. గుంటూరులో పెద్ద డాక్టరుకి చూపించుకుని చీకటిపడ్డాక ఆ రైలు దిగినవాళ్లు చేతిలో చీటీతో నేరుగా వెళ్లేది ఆ ముసలాయన మందుల షాపుకే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. ఊళ్లో సగం మందికి ఆయన బాబాయ్, మిగతా సగానికి మావయ్య.

ఆయన్ని పొగుడుతూ ఎవరైనా రాస్తే చిరునవ్వు, ఆప్యాయత, అప్పు ఇవ్వడం అని రాస్తారు. చిరునవ్వా! విసుగు మొహం. మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టర్ సగం దించితే నాలుగింటి దాకా ఎత్తడు. చిల్లర లేదని రెండు దగ్గుబిళ్లలు చేతిలో పెడతాడు. నేను చెప్పేది అది కాదు. మందుల షాపులో అసలు సర్వీసు 'ఇవ్వను' అనడంలో ఉంటుంది. అది ఆయన దగ్గర చూశాను.

కరోనా తర్వాత మా ఊళ్లో ప్రతివాడూ డాక్టరే. గొంతు కాస్త గరగరమంటే చాలు, యాంటీబయాటిక్ అడుగుతారు. "అజిత్రోమైసిన్ మూడు బిళ్లలివ్వు బాబాయ్."

"చీటీ ఏదీ?"

"చీటీ ఎందుకు, పోయినసారి దాంతోనే తగ్గిందిగా."

"అది వేసుకోకపోయినా తగ్గేది. ఉప్పునీళ్లు పుక్కిలించు. మూడు రోజులకీ జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పో."

వచ్చినవాడు గొణుక్కుంటూ ఇంకో షాపుకి పోతాడు, అక్కడ దొరుకుతుంది. అంటే ఈయనకి బేరం పోయింది. ఇలా రోజుకి ఎన్ని పోగొట్టుకుంటాడో నేను లెక్కపెట్టలేదు గానీ, నేను అక్కడ బల్ల మీద కూర్చున్న ఒక్క సాయంత్రమే నాలుగు చూశాను. షెడ్యూల్ హెచ్1 అని 2014లో అమల్లోకి వచ్చిన మందుల జాబితా ఒకటుంది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తు బిళ్లలు అందులో ఉన్నాయి. అవి అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్లలిచ్చిందీ విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. బాబాయ్ రిజిస్టరు టీ మరకలతో, అట్ట ఊడిపోయి ఉంటుంది. కానీ ఉంటుంది.

ఇంకో సంగతి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. మన ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో మనిషి ఇంకొకరు, సర్టిఫికెట్‌కి నెలనెలా అద్దె. బాబాయ్ షాపులో ఫ్రేములో ఉన్న ఒత్తు జుట్టు ఫొటో, కౌంటర్ వెనకున్న బట్టతల ఒకరివే. నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద అర్హత అక్కర్లేదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఊళ్లో డాక్టరు బీపీకి ఒక బిళ్ల రాశాడు. ఆర్నెల్ల తర్వాత గుంటూరు తీసుకెళ్తే అక్కడ ఇంకో బిళ్ల రాశారు. పాత చీటీ తీసుకెళ్లలేదు, తప్పు మాదే. రెండిటి పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగులు వేరు. బాబాయ్ కొత్త చీటీ చూసి, "వదినగారికి ఇదివరకే టెల్మిసార్టాన్ ఇస్తున్నానుగా. ఇందులోనూ అదే ఉంది, పైగా నీళ్లు లాగే మందు కలిసుంది. రెండూ వేస్తే బీపీ బాగా పడిపోతుంది, బాత్రూమ్‌లో తూలి పడుతుంది" అన్నాడు. కొత్తది ఇవ్వలేదు. చీటీ మీదున్న నంబరుకి అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. డాక్టరు లైన్లోకి వచ్చి పాతది ఆపమని, కొత్తది ఒక్కటే వాడమని చెప్పాక ఒక స్ట్రిప్పు ఇచ్చాడు. ఆ ఇరవై నిమిషాలకి బిల్లులో ఏ లైనూ లేదు బావా.

స్ట్రిప్పు కోసి ఇవ్వాల్సి వస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క తన దగ్గర ఉంచుకుని, బ్యాచ్ నంబరు, తేదీ కవరు మీద రాసిస్తాడు. లంకల నుంచి వచ్చే చదువురాని ముసలమ్మలకి కవరు మీద సూర్యుడి బొమ్మో చంద్రుడి బొమ్మో గీస్తాడు. ఆ చంద్రుడు దోసకాయ ముక్కలా ఉంటాడు, అయినా వాళ్లకి అర్థమవుతుంది. తెనాలి వెళ్లే పని ఉన్నవాళ్లకి ప్రభుత్వ జనౌషధి షాపులో షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ చవక, అక్కడ తెచ్చుకోమని తనే చెప్తాడు.

డిస్కౌంట్ సంగతికొద్దాం. ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టే మందుల్లో చిల్లర షాపువాడికని లెక్కేసేది 16 శాతం. మిగతావాటి మీద రివాజుగా 20 దాకా. అందులోనే అద్దె, కరెంటు, ఫ్రిజ్జు, కుర్రాడి జీతం. ఇరవై శాతం తగ్గించి అమ్మేవాళ్లు లారీల లెక్కన కొంటారు, ఇంకెక్కడో రాబట్టుకుంటారు. ఈయన డబ్బాల లెక్కన కొంటాడు.

సరే, నేనేదో పత్తిత్తునని కాదు. నేనూ హైదరాబాదు నుంచి ఆప్‌లో అమ్మ మందులు పెట్టాను, ఏడాది పాటు. నెలకి నాలుగొందలు మిగిలింది. మే నెలలో ఇన్సులిన్ వచ్చింది. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కవర్లో జెల్ ప్యాక్ నీళ్లయిపోయి, సీసా గోరువెచ్చగా ఉంది. ఆ కంపెనీ చాట్‌లో రాస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అదే వాక్యం. అమ్మ దాన్ని పట్టుకుని ఎక్కడికెళ్లిందో చెప్పాలా? ఆయన దగ్గర కొనని సీసా గురించి ఆయన్నే అడిగింది. "ఇది వాడొద్దు" అన్నాడట. కొత్తది థర్మోకోల్ డబ్బాలో పెట్టిచ్చి, కరెంటు పోతే మట్టికుండలో పెట్టుకోమని, డీప్ ఫ్రీజర్లో మాత్రం పెట్టొద్దని చెప్పాడట. పాతది ఎక్కడ కొన్నావని అడగలేదట. అడిగుంటే నాకు ఇంత సిగ్గనిపించేది కాదు.

ఆయన పిల్లలిద్దరూ ఈ షాపు చూడరు. బీఫార్మసీ చదివిన కుర్రాళ్లు కంపెనీలకి పోతున్నారు, వాళ్లని మాత్రం ఏమనగలం, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి పది దాకా నిలబడే పని.

ఆదివారం ఫోన్ చేసి, ఈ నెల నుంచి అమ్మ మందులన్నీ నీ దగ్గరే బాబాయ్ అన్నాను. ఏదో సంతోషిస్తాడనుకున్నాను.

"ఆప్‌లో తక్కువ కదరా, అక్కడే తెప్పించుకో" అన్నాడు. కాసేపాగి, "అది సరేగానీ, అమ్మకి కిడ్నీల పరీక్ష, అదే క్రియాటినిన్, చేయించి ఎన్నాళ్లయింది?"

నా దగ్గర జవాబు లేదు. రేపు చేయిస్తానన్నాను.

"పరగడుపున తీసుకెళ్తే షుగరు కూడా చూస్తారు. రిపోర్టు నాకు పంపు" అని పెట్టేశాడు.