‘మీ వెనక ఎవరున్నారు?’ అనే ప్రశ్న గారికి

నమస్కారం.

మొన్న మనం కలిశాం, గుర్తుండే ఉంటుంది. మేం పదకొండు మందిమి అట్టలు పట్టుకుని నిలబడ్డాం. నా అట్ట మీద ‘ఫీజులు’ బ్రహ్మాండంగా వచ్చింది గానీ, ‘తగ్గించండి’ దగ్గరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలే తగ్గిపోయాయి. చివరి ‘డి’ అంచు పట్టుకుని వేలాడుతోంది.

మీరు ఒక పెద్దాయన నోటివెంట వచ్చారు. అట్ట చదవలేదు. “మీ వెనక ఎవరున్నారు?” అన్నారు. నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. మా జూనియర్ ఒకడు షూ లేసు కట్టుకుంటున్నాడు. అదే చెప్పాను. మీరు నమ్మలేదు.

మీ సర్వీసు చిన్నదేం కాదు లెండి. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్ళకు మాత్రమే వడ్డించే కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వాళ్ళూ మూసేదాకా లేవలేదు. ఆ రోజుల్లో అక్కడ మీ ముద్దుపేరు ‘బయటివాళ్ళు రెచ్చగొడుతున్నారు’. ఆ నలుగురేమో ఆ ఊరి కాలేజీలోనే చదువుకుంటూ, హాస్టల్లో మాట్లాడుకుని వచ్చిన పిల్లలు. 2018 ఆగస్టులో, వాతావరణ మార్పును ఆపమంటూ గ్రెటా థన్‌బర్గ్ స్వీడన్ పార్లమెంటు బయట కూర్చున్న మొదటి రోజున పదిహేనేళ్ళ ఆ పిల్ల పక్కన కూడా ఎవరూ లేరు. వెనక ఉన్నవాళ్ళ లిస్టు మాత్రం తర్వాత మీరే తయారుచేశారు.

ఒక్కోసారి మీరు కరెక్టే, కాదనను. 1998లో సెర్బియా విద్యార్థులు మొదలుపెట్టిన నిరసన ఉద్యమం ఓట్పోర్‌కి అమెరికా డబ్బు అందింది. అడగాల్సిందే. కానీ డబ్బొచ్చిందనగానే, అప్పటి అక్కడి పాలకుడు మిలోషెవిచ్ మీద జనానికున్న కోపం కూడా అదే పార్సిల్లో వచ్చిందని తేల్చేస్తారేం? మా లెక్క కూడా అడగండి, చెప్తాం. అట్టలు పాత ఫ్రిజ్ డబ్బావి. స్కెచ్ పెన్నులు మా చెల్లివి (దానికింకా తెలీదు).

అదే ఏదైనా పార్టీ యువజన విభాగం ఎదురైతే మీకు గొంతు పెగలదు. వెనక ఎవరున్నారో పోస్టర్ మీద ఫోటోల సైజులే చెప్తాయి కాబట్టి అడిగే పని లేదనుకుంటారేమో. పోనీ, వాళ్ళ వెనక ఎవరున్నారని కాకపోయినా, వాళ్ళ నాయకులు వెనకేసుకున్నదెంత అనైనా ఒక్కసారి అడగొచ్చుగా? మాకేమో వెనకేసుకోవడానికి ఏమీ లేదు, వెనకేసుకొచ్చేవాళ్ళూ లేరు. మీ దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్ద అనుమానం.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పోయిన వారం మా దగ్గరికి ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. బాగా మాట్లాడింది, మాకు తట్టని పాయింట్లు చెప్పింది. అంతా విన్నాక మాలో ఒకరు, “ఇంతకీ నిన్నెవరు పంపారు?” అన్నారు. ఆ అన్నది నేనే. మీరు నా నోట్లోకి ఎప్పుడు దూరారో నాకే తెలీలేదు. ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

శనివారం మళ్ళీ నిలబడుతున్నాం. మీరెలాగూ వస్తారు. ఈసారి ముందే పెన్సిల్‌తో గీతలు గీసి రాశాను. ‘డి’ పట్టింది.

ఇట్లు,
ముందు వరసలో నిలబడ్డవాడు
(రెండో వరస లేదు)